పిల్లల్ని కుక్క కరిచాక ఆ కుక్కను ఏం చేయాలి?

పిల్లాడిని కుక్క కరిచిందని తెలియగానే గల్లీలో రెండు కేకలు లేస్తాయి. ఒకటి "ఆటో పిలవండి", రెండోది "కర్ర తేండి". మొదటిది సరైన కేక. రెండోదాన్ని ఆపడానికే ఇదంతా రాస్తున్నాను. మూగజీవం మీద దయ ఉండాలన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం మీ బిడ్డే. ఒంట్లోకి రేబిస్ వెళ్లిందో లేదో లక్షణాలు బయటపడకముందే చెప్పే పరీక్ష మనుషులకు లేదు. ఆ సంగతి చెప్పగలిగేది కరిచిన కుక్క ఒక్కటే. అది కూడా పది రోజులు మన కళ్ల ముందు ఉంటేనే.

హైదరాబాద్‌లో ఉండే తల్లిదండ్రులకు, కాలనీ సంఘాల వాళ్లకు, ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లకు పనికొచ్చేలా, ఏది ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో ఆ వరసలోనే చెబుతాను.

ముందు కుళాయి దగ్గరికి

గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. ఏడుస్తున్న పిల్లను ఒళ్లో పట్టుకుని అంతసేపు కడగడం ఎవరికైనా కష్టమే, రెండు నిమిషాలకే ఇక చాలనిపిస్తుంది. చాలదు. వైరస్ కుక్క చొంగలో ఉంటుంది, దాని పైపొర కొవ్వుతో చేసినది కాబట్టి సబ్బు తగిలితే విరిగిపోతుంది. ఒంటి సబ్బయినా బట్టల సబ్బయినా ఫర్వాలేదు. కుళాయి రాకపోతే బిందెలో నీళ్లు మగ్గుతో పోస్తూనే ఉండండి. ఆ తర్వాత ఇంట్లో బెటాడిన్ ఉంటే రాయండి. గట్టిగా కట్టు కట్టొద్దు. ఒకవేళ గాయం లోతుగా ఉండి రక్తం ఆగకుండా కారుతుంటే, లేదా మెడ మీద, ముఖం మీద పెద్దగా కరిచి ఉంటే, శుభ్రమైన బట్టతో అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. అప్పుడు కడగడం కోసం ఆసుపత్రిని ఆలస్యం చేయొద్దు.

పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, కిరోసిన్, ఇవేవీ గాయం మీద వేయొద్దు. అవి మంట పుట్టించి గాయాన్ని ఇంకా చెడగొడతాయి. ఇక పసరు సంగతి. కుక్క కరిచిందని తెలిస్తే చాలు, ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఒక్క పూటలో తగ్గిపోతుంది అని చెప్పేవాళ్లు ప్రతి బస్తీలో ఒకరుంటారు. వాళ్లతో వాదించే టైం మీకు లేదు. "సరే పెద్దమ్మా, ముందు దవాఖానకు పోయొస్తం" అని బయల్దేరండి. పసరు తాగి బాగున్నవాళ్లు పసరు వల్ల బాగవలేదు, వాళ్ల ఒంట్లోకి అసలు వైరస్ వెళ్లనేలేదు.

పిల్లలు కుక్క కాటును దాస్తారు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తిడతారని, సూదులు వేస్తారని, లేదా తాము రోజూ బిస్కెట్ వేసే కుక్కను కొడతారని భయం. ఆడుకుని వచ్చిన పిల్ల సాక్సు విప్పనంటే, కాలు కడుక్కోనంటే, మెల్లగా అడగండి. తనను అడిగితే చెప్పకపోయినా, కలిసి ఆడుకున్న పిల్లలు చెప్పేస్తారు. చిన్న గీరుడు కూడా లెక్కలోకే వస్తుంది. కరిచింది కుక్కపిల్లే కదా అని వదిలేయొద్దు, కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది.

ఒకరు బిడ్డతో, ఒకరు కుక్కతో

బిడ్డను తీసుకుని ఒకరు ఆసుపత్రికి బయల్దేరితే, ఇంకొకరు అక్కడే ఉండి ఆ కుక్కను గుర్తుపట్టే పని చూడాలి. ఈ రెండో పని ఎవరికీ గుర్తురాదు. గంట గడిచాక "ఏ కుక్క కరిచింది?" అని అడిగితే తలో మాట చెబుతారు. మన వీధికుక్కలు సగం గోధుమ రంగువే, అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

దూరం నుంచి ఫొటో తీయండి, వీలైతే చిన్న వీడియో. తరమకండి, రాయి విసరకండి, తాడుతో కట్టే ప్రయత్నం చేయకండి. కంగారుపడిన కుక్క ఇంకొకరిని కరుస్తుంది, లేదా రెండు గల్లీలు దాటి వెళ్లిపోతుంది. మగదా ఆడదా, పాలిచ్చే తల్లా, మెడకు పట్టీ ఉందా, తోక ఎలా ఉంది, ఒంటి మీద మచ్చలు ఎక్కడ ఉన్నాయి, ఇవి చూడండి. ముఖ్యంగా చెవులు చూడండి. ఒక చెవి కొసన చిన్న కోత ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని, అప్పుడే రేబిస్ టీకా కూడా వేశారని అర్థం. అయితే ఆ టీకా ఎప్పుడో వేసినది కావచ్చు. ఏటేటా మళ్లీ వేయాలి కాబట్టి, చెవికి కోత ఉందని బిడ్డకు వ్యాక్సిన్ మానేయకూడదు.

ఆ కుక్కకు రోజూ అన్నం పెట్టేవాళ్లు ఎవరో ఉంటారు. ఇడ్లీ బండి ఆయనో, వాచ్‌మన్ భార్యో, మూడో అంతస్తు ఆంటీనో. వాళ్ల మీద అరవకండి. రేపటి నుంచి పది రోజులు మీకు అందరికన్నా అవసరమైన మనుషులు వాళ్లే. ఆ కుక్క ఏ పూట ఎక్కడుంటుందో, నిన్నటికీ ఇవాళ్టికీ దాని తీరు ఏమైనా మారిందో వాళ్లకే తెలుసు.

ఆసుపత్రిలో ఏం అడగాలి

అదే రోజు వెళ్లాలి. కుక్క సంగతి తేలేదాకా ఆగుదాం అనుకోవద్దు. పది రోజుల పరిశీలన ఒక పక్క జరుగుతూ ఉంటుంది, వ్యాక్సిన్ దానికోసం ఆగదు.

నగరంలో కుక్కకాటుకు ఎక్కువ మంది వెళ్లేది నారాయణగూడలోని ఐపీఎంకి (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులూ ఉన్నాయి. ముఖం మీద పెద్ద గాయమైతే వీటిలాంటి పెద్దాసుపత్రికే వెళ్లడం మంచిది. దగ్గర్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వ్యాక్సిన్ దొరకొచ్చు, కానీ వైరస్‌ను గాయం దగ్గరే ఆపే మందు, సీరం, ఉండకపోవచ్చు. అందుకే గాయం నుంచి రక్తం వచ్చిందంటే ముందే ఫోన్ చేసి "సీరం ఉందా?" అని అడిగి వెళ్లండి.

గాయాన్ని డాక్టర్లు మూడు రకాలుగా చూస్తారు. కుక్కను ముట్టుకున్నా, బాగున్న చర్మాన్ని అది నాకినా మొదటి రకం, దానికి వ్యాక్సిన్ అక్కర్లేదు. రక్తం రాకుండా పన్ను గీరుకుంటే రెండో రకం, వ్యాక్సిన్ వేయాలి. చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా, చొంగ కంట్లోనో నోట్లోనో పడినా మూడో రకం. దీనికి వ్యాక్సిన్‌తో పాటు రేబిస్ సీరం గానీ, దాని బదులు ఇప్పుడు వస్తున్న మోనోక్లోనల్ యాంటీబాడీ మందు గానీ ఇవ్వాలి. వ్యాక్సిన్ పని మొదలుపెట్టి ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. ఆలోగా వైరస్‌ను గాయం దగ్గరే పట్టుకునేది సీరం. దాన్ని బరువును బట్టి లెక్కగట్టి, గాయం చుట్టూ, గాయం లోపలికీ ఎక్కిస్తారు. వేలి మీద కాటైతే పిల్లలు విలవిల్లాడతారు. చూడలేక "భుజానికి వేసేయండి డాక్టర్ గారూ" అనే తల్లులుంటారు. అలా అడగకండి. గాయంలోకి వెళ్తేనే దాని ప్రయోజనం. ఎదురుగా కూర్చుని, బిడ్డ తలను మీ భుజానికి ఆనించుకుని, చేతిని నర్సుకు వదిలేయండి. మొదటి రోజు సీరం దొరక్కపోతే, మొదటి వ్యాక్సిన్ వేసిన నాటి నుంచి ఏడు రోజుల లోపు ఎప్పుడైనా వేయించవచ్చు. కానీ ఆ వంకతో వ్యాక్సిన్‌ను వాయిదా వేయకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతి: మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కండలోకి ఇచ్చే పద్ధతిలో పద్నాలుగో రోజు కూడా కలిపి ఐదు డోసులు. మొదటి ఇంజెక్షన్ వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టాలి. భుజానికి, లేదా చంటిపిల్లలకు తొడ ముందు భాగంలో వేస్తారు, పిరుదుకు వేయకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడితే, ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయిందని చెప్పండి. ఇప్పటి వ్యాక్సిన్లలో బాగా వాడే అభయ్‌రాబ్ మన హైదరాబాద్ కంపెనీదే. టెటనస్ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. కుట్లు వెంటనే వేయించుకోవాలని తొందరపడొద్దు. కుట్లు తప్పనిసరైతే ముందు సీరం ఎక్కించి, ఆ తర్వాతే వదులుగా వేస్తారు.

కర్ర ఎందుకు వద్దంటే

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, అసలు విషయం ఇదే.

రేబిస్ వైరస్ కుక్క ఒంట్లోకి వెళ్లాక నరాల వెంట పాకుతూ మెదడుకు చేరుతుంది. మెదడు నుంచి చొంగ గ్రంథుల్లోకి దిగుతుంది. అప్పుడే అది కాటు ద్వారా అంటుకుంటుంది. చొంగలోకి వైరస్ వచ్చిన కొద్ది రోజులకే కుక్క జబ్బుపడుతుంది, జబ్బుపడ్డాక వారం పదిరోజుల్లో చచ్చిపోతుంది. దీన్ని వెనక్కి తిప్పి చూడండి: కరిచిన రోజున దాని చొంగలో వైరస్ ఉండి ఉంటే, పది రోజుల్లోపు ఆ కుక్కలో తేడా కనిపించి తీరుతుంది. పది రోజుల తర్వాత అది మామూలుగా తింటూ, తిరుగుతూ, మొరుగుతూ ఉందంటే, ఆ కాటు వల్ల మీ బిడ్డకు రేబిస్ రాలేదన్నట్టే.

ఇప్పుడు అదే కుక్కను కోపంలో కొట్టి చంపారనుకోండి. ఆ పది రోజుల కబురు పోయింది. పోనీ ల్యాబ్‌లో పరీక్ష చేయిద్దామంటే, రేబిస్‌ను నిర్ధారించేది కుక్క మెదడును పరీక్షించే. కర్రదెబ్బలు ఎక్కువగా పడేది తల మీదే. మెదడు నలిగిపోతే ఆ పరీక్ష కూడా సరిగా జరగదు. ఇక మిగిలేది రోజుల తరబడి తల్లిదండ్రుల టెన్షన్. రేబిస్ మామూలుగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది, అరుదుగా ఏడాది దాటాక కూడా. ఆ దిగులు మీకెందుకు?

కోపం ఎంత న్యాయమైనదో నాకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు మీద కుక్కలు గుంపుగా పడి చంపేసిన సీసీటీవీ దృశ్యాలు చూసినవాళ్లెవరూ వాటిని మర్చిపోలేదు. హైకోర్టు కూడా దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయమని ఎవరికీ చెప్పను. కానీ ఒక కుక్కను గల్లీలో కొట్టి చంపినందువల్ల ఆ గల్లీలో ఏ బిడ్డకూ రక్షణ పెరగదు. పైగా చట్టం ఊరుకోదు. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. కాలనీ సంఘం తీర్మానం చేసి డబ్బులిచ్చి చంపించినా అది నేరమే.

కరిచింది పెంపుడు కుక్క అయితే

ఇది కొంత తేలిక, ఎందుకంటే కుక్క ఎక్కడుందో తెలుసు. కానీ మనుషుల మధ్య గొడవ ఎక్కువ.

బిడ్డ తల్లిదండ్రులు అడగాల్సినవి: టీకాల పుస్తకం చూపించమనండి, చివరి రేబిస్ టీకా తేదీని ఫొటో తీసుకోండి, బల్దియాలో, అంటే నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. పది రోజుల పాటు కుక్కను చూడనిస్తామని వాట్సాప్‌లోనైనా రాసి ఇమ్మనండి. టీకాలన్నీ వేయించామని వాళ్లు ఎంత గట్టిగా చెప్పినా, మీ బిడ్డ వైద్యాన్ని డాక్టర్ చెప్పినట్టే నడిపించండి.

కుక్క యజమాని చేయాల్సింది ఎక్కువ. మొదటి రోజే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాలి. పది రోజులూ ఇంట్లోనే, గొలుసుతోనో విడి గదిలోనో ఉంచాలి. తిండి నీళ్లు ఒక్క పెద్దమనిషే పెట్టాలి, ఇంట్లో పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. లిఫ్టులో తిప్పొద్దు, సెల్లార్‌లో వదలొద్దు. టీకా గడువు దాటిపోయిందని గుర్తొచ్చి ఈ పది రోజుల్లో వేయించేయకండి. టీకా వల్ల కాస్త జ్వరమో నలతో వస్తే, అది మందు వల్లా జబ్బు వల్లా అన్నది తేల్చడం కష్టమవుతుంది. ఈ పది రోజులూ ముగిశాక వేయించండి. పదో రోజున మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆరోగ్యంగా ఉందని కాగితం రాయించి, దాన్ని బిడ్డ ఇంటికి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. వైద్యం ఖర్చు అడిగించుకోకుండా ఇవ్వడం మర్యాద.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, మర్నాడే "ఊరికి పంపించేశాం" అనడం. గొడవ సద్దుమణుగుతుందని అనుకుంటారు. నిజానికి కాటు తిన్న బిడ్డకు అందాల్సిన సమాచారాన్ని అలా బస్సెక్కించి పంపేసినట్టే. ఇక ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దించి వచ్చేవాళ్లూ ఉన్నారు. పెంచిన జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

యజమాని దేనికీ సహకరించకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. తన దగ్గరున్న జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోవడం న్యాయ సంహిత 291వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు దాకా పోకుండా పది రోజుల మాట రాయించుకోవడమే మేలని నా అభిప్రాయం. పక్కపక్క ఫ్లాట్లలో ఇంకా ఏళ్ల తరబడి ఉండాల్సినవాళ్లు కదా.

వీధికుక్క అయితే బల్దియాకు ఇలా చెప్పండి

జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి ఫోన్ చేయండి, లేదా మొబైల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు నంబర్ తప్పకుండా రాసుకోండి. "మా కాలనీలో కుక్కలు ఎక్కువయ్యాయి" అని చెబితే అది వందల ఫిర్యాదుల్లో ఒకటవుతుంది. కుక్కల బండి వచ్చి, దొరికిన నాలుగింటిని పట్టుకుపోతుంది, కరిచినది ఇక్కడే ఉండిపోతుంది. అందుకని ఇలా చెప్పండి:

"మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు, వాటర్ ట్యాంక్ పక్క గల్లీలో ఆరేళ్ల పాపను కుడి పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. గోధుమ రంగు ఆడ కుక్క, మూతి నలుపు, ముందు ఎడమ కాలి మీద తెల్ల మచ్చ, చెవికి కోత లేదు, పిల్లలకు పాలిస్తోంది. పగలు చికెన్ షాప్ వెనక, రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంటుంది. ఫొటో ఉంది. పరిశీలనలో ఉంచి దాని పరిస్థితి మాకు తెలియజేయండి."

బండి వచ్చినప్పుడు మీలో ఒకరు, దానికి అన్నం పెట్టే మనిషి ఒకరు అక్కడ ఉండండి. తెలిసిన మనిషి పిలిస్తే కుక్క నిలబడుతుంది, వల వేసేవాళ్లకు పని తేలికవుతుంది. జనం గుమికూడి అరిస్తే ఏ కుక్కా దొరకదు. పాలిచ్చే తల్లి అయితే పిల్లలు ఎక్కడున్నాయో చూపించి, వాటినీ కలిపి తీసుకెళ్లమని చెప్పండి. లేకపోతే కళ్లు తెరవని కూనలు రెండు రోజుల్లో చచ్చిపోతాయి.

పట్టుకున్న కుక్కను జంతు సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్తారు. నగరంలో ఫతుల్లగూడ, చూడీబజార్, కేపీహెచ్‌బీ, అంబర్‌పేట పటేల్ నగర్ లాంటి చోట్ల ఇవి ఉన్నాయి. మీ కుక్కను ఏ కేంద్రానికి తీసుకెళ్తున్నారో బండి సిబ్బందిని అడిగి రాసుకోండి, ఫోన్ నంబర్ తీసుకోండి. అక్కడ దాన్ని విడిగా ఉంచి చూస్తారు. ఆరోగ్యంగా ఉంటే ఆపరేషన్, రేబిస్ టీకా, చెవి కోత అయ్యాక పట్టుకున్న చోటే వదులుతారు. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఇదే చెబుతున్నాయి. కరిచిందన్న ఒక్క కారణంతో కుక్కను చంపే అధికారం బల్దియాకూ లేదు. నయంకాని జబ్బుతోనో, బతకలేనంత గాయాలతోనో ఉన్నదాన్ని మాత్రం పశువైద్యుడు నొప్పి లేకుండా కన్నుమూయించవచ్చు.

రేబిస్ అనుమానం ఉన్న కుక్క విషయంలో ఆ నిబంధనలు ఇంకో మాట చెబుతున్నాయి. బల్దియా నియమించిన పశువైద్యుడు, జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధి కలిసి దాన్ని చూడాలి. రేబిస్ ఉన్నట్టు గట్టిగా అనిపిస్తే, సహజంగా చనిపోయేదాకా విడిగా ఉంచాలి.

అన్ని గల్లీలకూ బండి అదే రోజు రాదు. రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కుక్క ఉన్నచోటే ఉంటే, అన్నం పెట్టే మనిషి రోజూ సాయంత్రం ఒక చిన్న వీడియో తీసి మీకు పంపితే చాలు. తింటున్నప్పుడు, నడుస్తున్నప్పుడు తీయమనండి. ఈలోగా పిల్లల్ని ఆ గల్లీలో ఆడనివ్వొద్దు. ఫిర్యాదు నంబర్ చెప్పి మర్నాడు మళ్లీ ఫోన్ చేయండి.

పది రోజులూ ఏం చూడాలి

తిండి మానేసిందా? మింగలేకపోతోందా? కింది దవడ జారిపోయి నోరు తెరుచుకునే ఉంటోందా? చొంగ తీగలుగా కారుతోందా? మొరుగు గొంతు బొంగురుగా మారిందా? వెనక కాళ్లు తడబడుతున్నాయా? వెలుతురు పడక కారు కిందో మెట్ల కిందో దూరుతోందా? ఏ కారణం లేకుండా కర్రను, రాయిని, పోయే ప్రతి మనిషినీ కరుస్తోందా? వీటిలో ఏది కనిపించినా అదే నిమిషం బల్దియాకు, బిడ్డను చూస్తున్న డాక్టర్‌కు ఫోన్ చేయండి.

పిచ్చికుక్క అంటే ఎగబడి కరిచేదే అనుకుంటాం. మూగబోయి మూలన పడుకునే రకమూ ఉంది, అదే ఎక్కువ మోసం చేస్తుంది. దవడ వేలాడుతూ, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. పాపం ఎముక ఇరుక్కుందేమో అని దాని నోట్లో చేయిపెట్టి చూసేవాళ్లు ఉంటారు. ఎంత ప్రేమగా పెంచిన కుక్కయినా సరే, నోరు మూయలేకపోతుంటే చేయి పెట్టకండి. ఇంకోటి, నీళ్లు తాగుతోంది కాబట్టి పిచ్చి లేదనే లెక్క తప్పు. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ కుక్క నీళ్ల గిన్నెలో మూతి పెట్టవచ్చు. ఎండలకు పిచ్చెక్కుతుందన్నదీ నిజం కాదు.

కుక్క చనిపోతే చెత్తబండిలో వేయకండి, పాతిపెట్టకండి. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. చేతికి గ్లవ్స్ వేసుకుని, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చుట్టూ ఐస్ వేసి, బల్దియా వెటర్నరీ విభాగానికి చెప్పి మెదడు పరీక్షకు పంపమని అడగండి. ఎండలో పడి ఉంటే ఆ పరీక్షకు పనికిరాదు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు.

రేబిస్ అని తేలినా, గట్టి అనుమానం ఉన్నా, ఇంకో పని ఉంది. దానికి జబ్బు కనిపించడానికి ముందు పది రోజుల్లో అది ఇంకెవరిని కరిచింది, ఎవరి పుండు నాకింది అని ఇల్లిల్లూ అడగాలి. వాచ్‌మన్ పిల్లలు, పనిమనిషి, స్విగ్గీ కుర్రాడు, ఎవరైనా కావచ్చు. చిన్న గాటే కదా అని ఊరుకున్న మనిషి ఒకరు తప్పకుండా తేలతారు. అది కరిచిన మిగతా కుక్కల సంగతీ బల్దియాకు చెప్పాలి.

కుక్క అసలు కనిపించకుండా పోతే? దానికి రేబిస్ ఉన్నట్టే లెక్కేసుకుని, ఒక్క డోసు కూడా తప్పకుండా బిడ్డకు కోర్సు పూర్తి చేయించాలి. అంతే.

పదో రోజు తర్వాత

కుక్క ఆరోగ్యంగా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. అప్పటికి మూడు డోసులు పడి ఉంటాయి. మిగతాది ఆపాలా, ముందుజాగ్రత్తగా పూర్తి చేయాలా అన్నది ఆయన చెబుతారు. నన్నడిగితే మన గల్లీల్లో ఉన్నన్ని కుక్కల మధ్య పెరిగే పిల్లకు కోర్సు పూర్తి చేయించడమే మంచిది.

కేంద్రం నుంచి కుక్కను తెచ్చి వదిలిన రోజు కాలనీలో మళ్లీ గొడవ మొదలవుతుంది. "మళ్లీ ఇక్కడికే తెచ్చారేంటి?" అని. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలి. కానీ రేబిస్ ఉన్నదాన్ని, రేబిస్ అనుమానం ఉన్నదాన్ని, బాగా దూకుడుగా ఉండేదాన్ని వదలకూడదు. కాబట్టి ఆ కుక్క కవ్వించకుండానే పలుమార్లు కరిచి ఉంటే, తేదీలతో, ఆసుపత్రి చీటీలతో రాతపూర్వకంగా ఇచ్చి, వదలొద్దని అడిగే హక్కు మీకుంది. అదే ఏడాది నవంబర్ 7న ఇచ్చిన ఇంకో ఆదేశంలో బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దని చెప్పింది. బడి ఆవరణలో కరిచి ఉంటే హెడ్‌మాస్టర్ చేత రాయించండి.

ఒకసారి మాత్రమే కరిచిన కుక్కయితే, ఎందుకు కరిచిందో ఒకసారి చూడండి. కూనల్ని ఎత్తుకోబోతే తల్లి కరుస్తుంది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకుంటే కరుస్తుంది. చికెన్ వ్యర్థాలు కవర్లలో పారేసే మూల ఉంటే అక్కడ గుంపు చేరుతుంది, గుంపులో కుక్కకు తెగింపు ఎక్కువ. ఆ మూలను శుభ్రం చేయించండి, షాపు ఆయనతో మాట్లాడండి. అన్నం పెట్టేవాళ్లకు పిల్లలు ఆడుకునే చోటుకు, మెట్లకు, గేటుకు దూరంగా ఒక స్థలం, ఒక సమయం కాలనీ సంఘమే చూపించాలి, 2023 నిబంధనల్లో ఇదీ ఉంది. పిల్లలకు రెండు సంగతులు ఆడిస్తూ నేర్పండి. కుక్క మీదికొస్తే పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్లలోకి చూడకుండా కదలకుండా నిలబడాలి. కింద పడితే ముడుచుకుని, మెడను, చెవులను చేతులతో కప్పుకోవాలి.

చివరగా ఆ వ్యాక్సిన్ చీటీ. పారేయొద్దు. ఫోన్లో ఫొటో తీసుకుని, అసలును బిడ్డ టీకాల పుస్తకంలోనే పెట్టండి. కోర్సు పూర్తయిన బిడ్డను మళ్లీ ఎప్పుడైనా కుక్క కరిస్తే సీరం అక్కర్లేదు, మొదటి రోజు ఒకటి, మూడో రోజు ఒకటి, రెండు డోసులు సరిపోతాయి. కానీ ఆ చీటీ చూపించలేకపోతే డాక్టర్ మళ్లీ మొదటి నుంచి అన్నీ వేయాల్సి వస్తుంది.